ఖాజా చేతిలోంచి బంతి ఎప్పుడు తీసుకోవాలి

కంపెనీల్లో స్పోర్ట్స్ ఆఫీసర్లుగా చేరబోతున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటని అడుగుతుంటారు. ఎండ అంటాననో, గ్రౌండు దొరకడం అంటాననో అనుకుంటారు. అవేమీ కాదు. నాకౌట్ మ్యాచిలో బాగా బౌలింగ్ వేస్తున్న మనిషి చేతిలోంచి బంతి తీసుకోవడం. దానంత దిక్కుమాలిన పని ఇంకొకటి లేదు.

ఎందుకో చెబుతాను. ఆపారు, ఓడిపోయారు అనుకోండి, అది మీ వల్లే. ఆపలేదు, గెలిచారు, అది అతని వల్ల. ఆపారు, గెలిచారు, అప్పుడు ఆపిన సంగతే ఎవరికీ గుర్తుండదు. ఆపలేదు, ఓడారు, "ఆయన టెంటులో కూర్చుని సమోసాలు తింటున్నాడా?" అంటారు. ఎటు తిరిగినా దెబ్బ మీకే. ఇది తెలిసి కూడా వస్తామంటే రండి, నేనేం కాదనను.

నేను దోహాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో, వెల్ఫేర్ డిపార్టుమెంటు కింద స్పోర్ట్స్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. మాది బాపట్ల వైపు. నా భార్య సుజాత అబూ హమూర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. అందుచేత ఆమె వీసా మీద అల్ ముంతజాలో ఇంకా ఉంటున్నాను. లేబర్ క్యాంపులో క్యారమ్స్ పోటీలు, వాలీబాల్ నెట్లు, బూట్లు లేకుండా పరుగెత్తి కాళ్లు కోసుకున్నవాళ్లకి కట్లు, ఇవన్నీ నా పనే. కానీ కంపెనీకి నేను గుర్తొచ్చేది ఏడాదికి ఒక్కసారి, కంపెనీల మధ్య జరిగే క్రికెట్ టోర్నమెంటు సెమీఫైనల్ రోజున. ఆ రోజు జనరల్ మేనేజర్ నుంచి మెస్సులో వంటవాడి దాకా అందరూ కోచ్‌లే.

అతన్ని అడక్కండి

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు బౌలర్ దగ్గరికి వెళ్లి, "అలిసిపోయావా?" అని అడగడం. అతను ఏం చెబుతాడు? "మాఫీ ముష్కిల్" అంటాడు. ఏ సమస్యా లేదని. మా క్యాంపులో ఏం అడిగినా ఈ రెండు మాటలే జవాబు. జ్వరంతో వణుకుతున్నవాడూ అదే అంటాడు, కాలి మీద ఇనుప పైపు పడినవాడూ అదే అంటాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ జవాబు విని సంతోషించేవాణ్ని కూడా.

అలా ఎందుకంటారో బయటివాళ్లకు అర్థం కాదు. మా టీములో సగం మంది సైట్లో పనిచేసేవాళ్లు, మిగతా సగం ఇంజనీర్లు, ఆఫీసువాళ్లు. కెప్టెన్ మాత్రం ఎప్పుడూ ఇంజనీరే అవుతాడు. అలా ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు, అలా జరిగిపోతుంది, అంతే. సైటువాడు వారమంతా ఎవరి కింద పనిచేస్తాడో, సెలవు రోజు శుక్రవారం పొద్దున అతని కిందే బౌలింగ్ వేస్తాడు. సైట్లో "అలిసిపోయాను సార్" అన్నవాణ్ని ఫోర్‌మన్ మర్నాడు ఓవర్‌టైమ్‌కి పిలవడు. ఆ భయం బూట్లతో పాటే గ్రౌండులోకి వస్తుంది. బంతి ఇచ్చిన మనిషి తన ఓవర్‌టైమ్ మీద సంతకం పెట్టే మనిషే అయినప్పుడు, "నా భుజం లాగుతోంది సార్" అని ఎవరు చెబుతారు? మీరైతే చెబుతారా?

అందుకే నేను అడగడం మానేసి చూడటం మొదలుపెట్టాను. బంతి వేశాక అతను వెనక్కి ఎలా నడుస్తున్నాడో చూడండి. ఒంట్లో సత్తువ ఉన్నవాడు తలెత్తి ఫీల్డర్లని సర్దుకుంటూ నడుస్తాడు. అయిపోయినవాడు నేల చూస్తూ నడుస్తాడు. చెవి పక్కనుంచి రావాల్సిన చెయ్యి కాస్త పక్కకి వాలుతుంది. బౌండరీ పోయిందని కంగారు పడకండి, మంచి బంతికీ బౌండరీ పోతుంది. ఫీల్డర్ విసిరిన బంతిని వంగి అందుకోకుండా కాలితో ఆపాడా, అప్పుడు కంగారు పడండి. వికెట్ పడిందని మోసపోకండి. అందరూ అతని వీపు చరుస్తున్నప్పుడు, అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడేమో మీరు చూడాలి. అలిసిపోయిన బౌలర్‌కి పడే వికెట్ అంత అబద్ధాలకోరు ఇంకొకటి లేదు. అది చూసి కెప్టెన్ ఇంకో ఓవర్ ఇస్తాడు.

ఇంకో సంగతి. ఎంత మంచి బౌలరైనా, కుదురుకున్న బ్యాట్స్‌మన్ ముందుకి మళ్లీ మళ్లీ వస్తుంటే గుట్టు తెలిసిపోతుంది. మొదటి స్పెల్‌లో భయపెట్టిన బంతే రెండో స్పెల్‌లో పరిచయస్తుడిలా కనిపిస్తుంది. అందుకే "పొద్దున ఎంత బాగా వేశాడు!" అనే మాట నా ముందు ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున వేసింది పొద్దున అయిపోయింది. ఇప్పుడు వేయగలడా లేదా, అదొక్కటే ప్రశ్న.

ఈ మధ్య బంతులు లెక్కపెట్టి, ఇక ఆపమని చెప్పే యాప్‌లు వచ్చాయి. వాటిని తిట్టను, మా మేనేజర్ల కన్నా నయమే. కానీ నిన్న డ్యూటీలో అతను పొద్దస్తమానం చేతులు పైకెత్తి సీలింగుకి ఏసీ డక్టు బిగించాడన్న సంగతి ఆ యాప్‌కి తెలియదు. మీకు తెలియాలి. బస్సు దిగేటప్పుడే ఎవరు ఏ డ్యూటీ చేసి వచ్చారో కనుక్కోండి. బౌలింగ్ గురించి అడిగితే అబద్ధం చెప్పేవాడు, డ్యూటీ గురించి అడిగితే నిజమే చెబుతాడు.

నాకౌట్లు తప్పుడు సమయానికే వస్తాయి

ఇక్కడ క్రికెట్ చలికాలంలో ఆడతారు. గాలి చల్లగా ఉంటుంది, సిమెంటు మీద పరిచిన మ్యాటింగ్ మీద బంతి బుస్సుమని లేస్తుంది, ఎవరు వేసినా బౌలర్‌లాగే కనిపిస్తాడు. లీగ్ మ్యాచులన్నీ అప్పుడే అయిపోతాయి. తర్వాత, ఈ కొన్నేళ్లుగా, రంజాన్ వస్తుంది, ఆటలు ఆగుతాయి. నెల పాటు ఉపవాసాలు ఉన్నవాళ్లు, ప్రాక్టీసు లేనివాళ్లు, పండక్కి కడుపునిండా తిన్నవాళ్లు, అందరూ కలిసి తిరిగొచ్చేసరికి ఎండలు మొదలైపోతాయి. సరిగ్గా అప్పుడు పెడతారు సెమీఫైనల్స్. అంటే ఏడాది మొత్తంలో బౌలర్ ఒళ్లు అన్నిటికన్నా పాడై ఉన్న వారంలో, అన్నిటికన్నా ఎక్కువ ఓవర్లు వేయమని అడుగుతాం.

కొంచెం ముందుకు జరపమని టోర్నమెంటు కమిటీకి నేను చెప్పని ఏడాది లేదు. గోడకి చెప్పుకున్నా ఒకటే. ఫైనల్‌కి ముఖ్య అతిథి తీరికను బట్టి తేదీలు పెడతారు. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట బయట పనులు ఆపాలని ఈ దేశంలో నియమం ఉంది. ఎంతో మంచి నియమం. క్రికెట్‌కి అలాంటిది లేదు, ఎందుకంటే క్రికెట్ మనం సరదాకి ఆడతాం కదా!

మూర్తి గారి పాఠం

మా జనరల్ మేనేజర్ మూర్తి గారు హైదరాబాదీ, చెడ్డమనిషి కాదు. మెస్సులో తిండి బాగా లేదంటే స్వయంగా వచ్చి తిని, వంటవాడి మీద కేకలేసిన మనిషి. కానీ క్రికెట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన బుర్ర ఎటో పోయేది. కాలేజీ రోజుల్లో ఆడానని చెప్పేవారు. అలా చెప్పే మేనేజర్ల గురించి జాగ్రత్త.

ఒక ఏడాది ఉత్తరాన అల్ రువైస్ దగ్గర మాకు క్వార్టర్‌ఫైనల్ పడింది. సముద్రం పక్క, గాలి నిండా తడి, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. మా టీములో అప్పుడు నెల్లూరు కుర్రాడు ఒకడు ఎడమచేతి వాటం బౌలర్. చాలాసేపటి నుంచి వేస్తున్నాడు, ఇక ఆపుదామని నేను కబురు పంపేలోపే మూర్తి గారు బౌండరీ లైను దగ్గరికి వెళ్లి, "వాడినే వేయనియ్! యల్లా, వాడినే!" అని అరిచారు. కెప్టెన్ ఆయన మాటే విన్నాడు. వాడే వేశాడు, గెలిచాం. తిరుగు ప్రయాణంలో ఆ కుర్రాడు బస్సు సీటులో నడుం వాల్చలేక దోహా దాకా నిలబడే వచ్చాడు. సెమీఫైనల్‌కి మంచం దిగలేదు, మేం చిత్తుగా ఓడిపోయాం.

దీన్నుంచి మూర్తి గారు నేర్చుకున్నదేమిటో తెలుసా? "చూశావా ప్రసాదూ, ఆ రోజు వాణ్ని వేయనిచ్చాను కాబట్టే క్వార్టర్‌ఫైనల్ గెలిచాం" అని. సెమీఫైనల్ సంగతి ఎత్తితే, "అది బ్యాటింగ్ వల్ల పోయింది" అన్నారు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ నాకు ఈ కథ చెప్పేవారు, నేను ఆ బస్సులో లేనట్టు.

డేవ్ చెప్పిన ఆట

క్లయింటు తరఫున డేవ్ అనే అమెరికా ఆయన సేఫ్టీ చూసేవాడు. ఒక శుక్రవారం మా మ్యాచి చూడటానికి వచ్చి, మడత కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. క్రికెట్ అతనికి బొత్తిగా తెలియదు. కానీ నేను మా కెప్టెన్ వంశీకి సైగలు చేయడం, వంశీ చూడనట్టు నటించడం చూసి, పడీ పడీ నవ్వాడు. వాళ్ల బేస్‌బాల్‌లోనూ అచ్చం ఇదే గొడవట.

అక్కడ బంతి విసిరేవాణ్ని పిచ్చర్ అంటారు. ఒకసారి అతన్ని బయటికి పంపితే ఆ మ్యాచిలో మళ్లీ రాకూడదు. అందుకని ముఖ్యమైన మ్యాచుల్లో మేనేజర్, అంటే వాళ్ల కోచ్, అతన్ని తీసినా తిడతారు, తీయకపోయినా తిడతారు, ఏళ్ల తరబడి తిడుతూనే ఉంటారు. మా ఆటలో నయం, ఆపినవాణ్ని కాసేపాగి మళ్లీ పిలవచ్చు. అయినా మావాళ్లు ఆపరు.

నాకు నచ్చింది ఇంకోటి. వాళ్ల మేనేజర్ కబుర్లు పంపడు. అందరూ చూస్తుండగా తానే నడుచుకుంటూ మైదానం మధ్యకి వెళ్లి, చెయ్యి చాపుతాడట. పిచ్చర్ ఆ చేతిలో బంతి పెట్టి వెళ్లిపోవాలట. అది విని నేను నిజంగా అసూయపడ్డాను. మా ఆటలో బయటివాడు లోపలికి పోకూడదు. నీళ్ల సీసాలు మోసేవాడి చెవిలో చెప్పి పంపాలి, వాడు కెప్టెన్ చెవిలో చెప్పాలి, కెప్టెన్ విననట్టు ఊరుకోవచ్చు. ప్రపంచంలో ఇంకోచోట కూడా నాలాంటి దౌర్భాగ్యులు ఉన్నారని తెలిసి ఆ రోజు కాస్త తేలికపడ్డాను.

ఖాజా

ఇంతసేపూ చెప్పిందంతా ఖాజా గురించి చెప్పడానికే. ఖాజాది కోరుట్ల దగ్గర పల్లె. మా సైట్లో ఏసీ డక్టులు బిగించే పని. పని అంటే నిచ్చెనెక్కి, రెండు చేతులూ తలపైన పెట్టి, రేకు గొట్టాలు పట్టుకుని నిలబడటం. ఆ చేతులతోనే శుక్రవారం వచ్చి, నేను చూసిన కంపెనీ బౌలర్లందరిలోకీ వేగంగా వేసేవాడు. ఎక్కువ మాట్లాడడు. వికెట్ పడితే ఒక్కసారి ఆకాశం వైపు చూసి, బంతి తుడుచుకుంటూ వెళ్లిపోయేవాడు. నాకు అతనంటే ఇష్టం, దాచడం ఎందుకు.

ఆ ఏడాది సెమీఫైనల్ ముందు రోజు టీ దగ్గర మూర్తి గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఖాజా, ఈసారి కప్పు పట్టుకురా. నిన్ను మన స్టోర్‌లో కుర్చీలో కూర్చోబెట్టే పూచీ నాది" అన్నారు. అందరూ నవ్వారు. ఖాజా నవ్వలేదు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నవాడికి, చేతులు దించుకుని చేసే ఉద్యోగం అంటే ఏమిటో మూర్తి గారికి తెలుసో లేదో. ఖాజాకి తెలుసు.

మ్యాచి అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్టు అవతల గ్రౌండులో. మేం ముందు బ్యాటింగ్ చేసి ఓ మోస్తరు స్కోరు కొట్టాం. ఖాజా మొదటి స్పెల్‌లో మూడు వికెట్లు తీశాడు. తర్వాత విశ్రాంతి ఇచ్చి, చివర్లో మళ్లీ పిలిచాం. అవతలివాళ్లకి ఇంకా కొన్ని పరుగులు కావాలి, చేతిలో మూడు వికెట్లే ఉన్నాయి. ఖాజా వేయగలిగిన ఓవర్లలో మూడు మిగిలాయి. మొదటిది వేశాడు. అందులో వికెట్ కూడా పడింది. టెంటులో ఈలలు, కేకలు. నేను మాత్రం అతని చెయ్యే చూస్తున్నాను. చెవి పక్కనుంచి కాదు, దాదాపు భుజం ఎత్తులోంచి వస్తోంది. ఓవర్ అయ్యాక టోపీ తీసుకోవడానికి అంపైర్ వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆపేసి, దగ్గరికి నడిచి వెళ్లి తీసుకున్నాడు.

నీళ్ల సీసాలతో కబురు పంపాను, ఖాజాని ఆపమని. వంశీ ఈసారి విననట్టు నటించలేదు. బౌండరీ లైను దాకా పరుగెత్తుకొచ్చాడు. వంశీది విజయవాడ, సైట్ ఇంజనీరు, ఖాజా పనిచేసేది అతని కిందే.

"సార్, ఇప్పుడు ఖాజాని తీసేస్తే మ్యాచి వదిలేసుకున్నట్టే సార్. ఇప్పుడే వికెట్ తీశాడు, చూడలేదా మీరు?"

"వికెట్ చూశాను. చెయ్యి కూడా చూశాను. ఆపు."

"అతన్ని అడిగాను సార్. బాగానే ఉన్నానన్నాడు."

"అడిగింది ఎవరయ్యా? నువ్వే కదా! నీకు ఇంకేం చెబుతాడు?"

ఈలోపు మూర్తి గారు టెంటులోంచి లేచొచ్చారు. "ఏమయ్యా ప్రసాదూ, నీకేమన్నా మతిపోయిందా? కప్పు వాడి చేతుల మీద ఉంది!" అన్నారు. "చేతుల మీద కాదు సార్, ఒక్క భుజం మీద ఉంది. అది ఊడిపోయేట్టుంది" అన్నాను. ఖాజాకి మా మాటలు వినిపించినట్టున్నాయి. దూరం నుంచే కేక వేశాడు. "ఏం గాలె సార్! మంచిగనే ఉన్న. ఇంక రెండోవర్లే గదా, ఏస్త!"

నేను మళ్లీ ఆపమనే చెప్పాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. వంశీ నన్ను తిట్టుకుంటూ మా అకౌంట్స్ ఆయనకి బంతి ఇచ్చాడు. ఆయన స్పిన్నరు, పాపం చేయగలిగింది చేశాడు. ఆఖరి ఓవర్లో, ఒక్క వికెట్ మిగిలి ఉండగా, అవతలివాళ్లు గెలిచారు.

ఆ రోజు సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో నాకు జరిగిన మర్యాద ఇక్కడ రాయను. కొన్ని నాకు అర్థం కాని భాషల్లో కూడా ఉన్నాయి, అది ఒక్కటే అదృష్టం. సుజాత నా ఫోన్ లాక్కుని గ్రూపు మ్యూట్ చేసి, "ఏమండీ, మీరు చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు గానీ, అన్నం తినండి" అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన సమీక్షల్లో అదే ఉత్తమమైనది.

మర్నాడు ఖాజాని బలవంతంగా అల్ ముంతజాలో మాకు తెలిసిన క్లినిక్‌కి తీసుకెళ్లాను. భుజం లోపల చిరుగు మొదలైందని డాక్టరు చెప్పాడు. బౌలింగ్ మానాలి, కొన్నాళ్లు చేతులు పైకెత్తే పని మానాలి, అప్పుడు నయమవుతుంది, లేకపోతే పూర్తిగా పోతుంది అన్నాడు. నేను ఖాజా వైపు చూశాను, ఇప్పటికైనా అర్థమైందా అన్నట్టు. అతను గోడ వైపు చూస్తున్నాడు. కార్లో ఒక్క మాట అన్నాడు. "గెలుస్తుంటిమి సార్."

గెలిచేవాళ్లమేమో. అదే కదా ఈ ఉద్యోగంలో దరిద్రం. మీరు ఆపాక ఏం జరిగిందో అందరూ చూస్తారు. ఆపకపోతే ఏం జరిగేదో ఎవరూ చూడలేరు, చూపించడానికి మీ దగ్గరా ఏమీ ఉండదు.

వంశీ మంచివాడే, చల్లబడ్డాక విన్నాడు. ఎండాకాలమంతా ఖాజాకి నేల మీద రేకులు కొలిచి కత్తిరించే పని ఇచ్చాడు. నేను మూర్తి గారి దగ్గరికి వెళ్లాను. "సార్, స్టోర్ ఉద్యోగం అన్నారు కదా. భుజం ఈ స్థితిలో ఉంది, ఇప్పుడిస్తే బాగుంటుంది" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "కప్పు తెస్తే ఇస్తానన్నాను. ఏదయ్యా కప్పు?" అన్నారు. పరిహాసానికే అన్నారు. కానీ ఇవ్వలేదు. ఆ మాట చెప్పడానికి క్యాంపుకి వెళితే, ఖాజా అదివరకే ఊహించినట్టు తలూపి, బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది

నేను రిటైరయ్యాను. నా చోట అనిల్ అనే కుర్రాడు వచ్చాడు. కోచింగ్ సర్టిఫికెట్లు ఉన్నాయి, మర్యాదస్తుడు, చేతిలో ఎప్పుడూ ట్యాబ్. మా ఇంటికి వచ్చి, నేను పైన చెప్పినవన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. నొప్పి తగ్గి మళ్లీ బంతి పట్టిన ఖాజా భుజం గురించి ప్రత్యేకంగా చెప్పాను. చలికాలమంతా బాగా చూసుకున్నాడు కూడా, తక్కువ ఓవర్లు వేయించాడు. టీము ఫైనల్‌కి వెళ్లింది. నేనూ సుజాతా చూడటానికి వెళ్లాం.

మళ్లీ అదే ఎండ, మళ్లీ చివరి ఓవర్లు. ఖాజా చెయ్యి మళ్లీ కిందికి వాలింది. నాకు టెంటులోంచే కనిపించింది. అనిల్‌కీ కనిపించింది, నాకు తెలుసు, ఎందుకంటే ట్యాబ్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అతని పక్కనే మూర్తి గారు నిలబడి ఉన్నారు. అనిల్ ఒకసారి ఆయన వైపు చూశాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. నేను లేవబోతే సుజాత నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మీ ఉద్యోగం కాదు" అంది. నిజమే, నా ఉద్యోగం కాదు. ఇంత కోపంగా ఎప్పుడూ కూర్చోలేదు నేను.

ఖాజా మిగిలిన ఓవర్లన్నీ వేశాడు. ఆఖరి బంతికి అరిచాడు, అది సంతోషంతో అరిచిన అరుపు కాదు, కానీ అప్పటికే స్టంపులు ఎగిరిపోయాయి, ఎవరికీ వినిపించలేదు. గెలిచాం. కప్పు ఇస్తే ఎడమచేత్తో ఎత్తాడు. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, అతను కూడా. "చూశావా ప్రసాదూ!" అన్నారు మూర్తి గారు నా దగ్గరికి వచ్చి. అనిల్ నా కళ్లలోకి చూడలేదు. అతన్ని నేను ఏమీ అనలేదు, అతని చోట నేనుంటే కూర్చునేవాణ్ని కాదు అని చెప్పుకోవడం తేలికే. అతని వీసా కొత్తది, కుటుంబం రావాలి.

ఈసారి చిరుగు కాదు, పూర్తిగా తెగింది. ఆపరేషన్ చేశారు. కంపెనీయే చేయించింది, ఆ మాట కూడా చెప్పాలి.

కాబట్టి కుర్రాళ్లూ, ఆపాలా వద్దా అని అడిగితే నా జవాబు ఒక్కటే. ఆపండి. కాస్త తొందరపడైనా ఆపండి. బంతి వేసేవాడు మిమ్మల్ని మెచ్చుకుంటాడని మాత్రం అనుకోకండి. అతను చివరిదాకా కోపంగానే ఉండవచ్చు, అతని కోపానికి కారణం కూడా ఉండవచ్చు.

స్టోర్

మూర్తి గారు మాట నిలబెట్టుకున్నారు. ఖాజా ఇప్పుడు స్టోర్‌లో పనిచేస్తున్నాడు. పోయిన నెల చూడటానికి వెళ్లాను. చల్లటి గది, కౌంటరు, దాని వెనక తిరిగే కుర్చీ. నన్ను చూసి లేచి, బలవంతాన ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, తాను స్టూలు లాక్కున్నాడు. కరక్ చాయ్ తెప్పించాడు.

"చెయ్యి ఎంతవరకూ లేస్తోందయ్యా?" అన్నాను.

ఎత్తి చూపించాడు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. "గింతనే సార్. ఈ పనికి గింత సాలు." నవ్వాడు. "ఇంటికాడ మస్తు ఖుషీ సార్. మా అమ్మ ఊరంత చెప్పుకుంటున్నది, దుబాయిల నా కొడుకు కుర్చీల కూసునే పని చేస్తుండని. ఆమెకు గల్ఫంత దుబాయే."

చాయ్ తాగుతూ కూర్చున్నాను. అతనే అన్నాడు, కోపం లేకుండా, లెక్క తేల్చినట్టు.

"నిజం చెప్తున్న సార్, ఏమనుకోకుండ్రి. ఆనాడు మీరు నన్ను తీయకుంటే, ఈ కుర్చీ నాకు నిరుడే వస్తుండె."

నేను కౌంటరు వైపు, అరల వైపు చూశాను. నిరుడు ఈ పని ఎవరు చేసేవారో నాకు గుర్తు రాలేదు.

"నీకు ముందు ఈ కుర్చీలో ఎవరుండేవాళ్లు ఖాజా?"

"ఎవలు లేరు సార్" అన్నాడు, ఖాళీ కప్పు అందుకుంటూ. "నేనొచ్చేదాంక రెండేండ్లు ఖాళీగనే ఉండె."